కాగితం చెప్పినట్టు కంప్యూటర్ వినాలి

గోడ మీద నిచ్చెన నీడ పడిన ఫోటో ఒకటి నా ఫోనులో ఉండేది. దాన్ని సయనోటైప్‌గా, అంటే రసాయనాలు పూసిన కాగితం మీద కాంతితో నీలం రంగులో వచ్చే చిత్రంగా, అచ్చు వేయాలని చాలా ఆశపడ్డాను. తెర మీద చక్కగా ఉంది కదా అని ఉన్నదున్నట్టుగా నెగటివ్ (వెలుగు నీడలు తారుమారైన పారదర్శక ప్రతి) తీశాను. నీడలోని మెట్లన్నీ ముద్దకట్టిన నీలంలో మునిగిపోయాయి. ఆరు కాగితాలు పాడయ్యాక, ముందుగా కాగితం స్వభావం తెలుసుకొని ఫైలును దానికి తగినట్టు దిద్దాలని అర్థమైంది.

1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. దీనికి బలమైన అతినీలలోహిత కాంతి కావాలి, నెగటివ్ కాగితానికి ఆనుకొని ఉండాలి. అందుకే అచ్చు ఎంత పెద్దదైతే నెగటివూ అంతే ఉండాలి. 1843లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ సముద్రపు నాచునే నేరుగా కాగితం మీద పరిచి పుస్తకం మొదలుపెట్టారు. ఆ నాచు చేసిన పని మనకు ఇంక్‌జెట్ ప్రింటర్, పారదర్శక ఫిల్మ్ చేసిపెడతాయి.

ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములను 100 మి.లీ. శుద్ధజలంలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములను మరో 100 మి.లీ.లో కరిగించి వేర్వేరు సీసాల్లో ఉంచండి. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఫెర్రిసయనైడ్‌ను గాఢమైన ఆమ్లాలకు, వేడికి తప్పక దూరంగా ఉంచండి, విషవాయువు పుడుతుంది. పూత వేసేముందు రెండింటినీ సమపాళ్లలో కలిపి, మసక బల్బు వెలుగులో కుంచెతో పూసి, చీకట్లో ఆరనివ్వండి. క్షారం కలపని కాగితమే కొనండి. క్షారం తగిలితే ఈ నీలం వెలిసిపోతుంది.

ఇక అసలు పని. సిరా లేని ఖాళీ ఫిల్మ్‌ను పూత కాగితం మీద పెట్టి, పట్టీలుగా 4, 6, 8, 10, 12 నిమిషాలు కాంతి చూపండి. కడిగి, పూర్తిగా ఆరాక చూడండి. నా దీపాల కింద 10, 12 పట్టీల మధ్య తేడా లేదు. అంటే కాగితం ఇవ్వగలిగిన గాఢమైన నీలం 10 నిమిషాలకే వచ్చేసింది. అదే నా సమయం. ఆ తరువాత ఏ చిత్రానికీ దాన్ని మార్చలేదు. ఎండ గంటగంటకూ మారుతుంది కాబట్టి ఈ లెక్క కోసం అతినీలలోహిత దీపాల పెట్టె మంచిది.

ఇప్పుడు 0 (తెలుపు) నుంచి 100 శాతం (పూర్తి నలుపు) వరకు అయిదేసి శాతం తేడాతో 21 గడుల పట్టికను నెగటివ్‌గా ముద్రించి, అదే 10 నిమిషాలు అచ్చు వేయండి. 0 శాతం గడి తెల్లగా రాకపోతే సిరా అతినీలలోహిత కిరణాలను ఆపడం లేదన్నమాట. ఇక్కడ కంటిని నమ్మకండి. కంటికి నల్లగా కనిపించే సిరా ఆ కిరణాలను వదిలేయవచ్చు, లేతగా కనిపించే రంగు సిరా గట్టిగా ఆపవచ్చు. నలుపుతో పాటు నారింజ, ఆకుపచ్చ రంగుల్లోనూ ముద్రించి పోల్చుకోండి.

ఆరిన పట్టికను స్కాన్ చేసి గడి గడినీ కొలవండి. నా పట్టికలో 70 నుంచి 100 దాకా ఒకటే నీలం. నా నిచ్చెన మెట్లు మునిగింది అక్కడే! 35 శాతం గడి అచ్చులో 50 శాతం నీలంగా వచ్చింది. కాబట్టి కర్వ్‌లో (ఫోటోలోని ఏ ముదురును ఎంతకు మార్చాలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గీత) 50ని 35కు దించాను, 100 దగ్గర మాత్రం కదపలేదు. మిగతా బిందువులనూ ఇలాగే పెట్టుకోవాలి. ఈ కర్వ్ ఆ సిరాకు, ఆ ఫిల్మ్‌కు, ఆ కాగితానికి మాత్రమే చెల్లుతుంది. ఎవరిదో తెచ్చుకుంటే పనిచేయదు.

చిత్రాన్ని 16 బిట్ల నలుపు తెలుపులోకి మార్చి, కర్వ్ వేసి, రంగులు తలకిందులు చేసి, ఎడమ కుడులు తిప్పి ముద్రించండి. సిరా ఉన్న వైపు పూతకు ఆనాలి, లేకపోతే అంచులు మసకబారతాయి. కాంతి చూపాక పూత తాలూకు పసుపు రంగు పూర్తిగా పోయేదాకా నీళ్లలో కడగండి. తడిలో నీలం లేతగా ఉంటే కంగారుపడకండి, ఆరేకొద్దీ ముదురుతుంది.

ఏడో కాగితం మరునాడు ఆరాక చూస్తే నీడలోని మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగాను. వెనకవైపు పెన్సిల్‌తో సమయం, కాగితం రకం, కర్వ్ పేరు రాసి దాచుకున్నాను.