మరిగిన నిమ్మరసంలో విటమిన్ సి ఎంత మిగులుతుంది: పదో తరగతి విద్యార్థులకు ఒక పరిశోధన

రసాయనశాస్త్ర ప్రాజెక్టు అనగానే చాలా బడులలో థర్మాకోల్ నమూనాలు, రంగురంగుల చార్టులు తయారవుతాయి. అవి చూడముచ్చటగా ఉంటాయి గాని, చేసిన విద్యార్థికి ముందే తెలిసిన విషయం తప్ప కొత్తది ఒక్కటీ చెప్పవు. పరిశోధనకు కావలసింది కొలిచి జవాబు చెప్పగల ఒక ప్రశ్న, అది వంటింట్లోనే దొరుకుతుంది. నిమ్మకాయ పులిహోరకు రసం పొయ్యి దించాకే పిండాలని, లేకపోతే చేదెక్కుతుందని పెద్దలు చెబుతారు. రసాన్ని మరిగిస్తే అందులోని విటమిన్ సి కూడా తగ్గుతుందా, తగ్గితే ఎన్ని నిమిషాలకు ఎంత తగ్గుతుంది అన్నదే మన ప్రశ్న.

విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. రసంలో అయోడిన్ చుక్కలు వేస్తుంటే ఈ ఆమ్లం ఒక అణువుకు ఒక అణువు చొప్పున అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చేస్తుంది. ఆమ్లం పూర్తిగా అయిపోయాక పడిన అయోడిన్, రసంలో ముందే కలిపిన పిండిపదార్థంతో కలిసి ముదురు నీలి రంగునిస్తుంది. ఆ రంగు అర నిమిషం పాటు చెదరకుండా నిలిస్తే అంశమాపనం, అంటే ఇలా ద్రావణాన్ని కొలిచి చేర్చుతూ ఎంత పట్టిందో చూడడం, పూర్తయినట్లే.

మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ 10 మి.లీ. తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేసి, గోధుమరంగు సీసాలో ఉంచండి. టింక్చర్‌లో ఆల్కహాలు ఉంటుంది కనుక మంటకు దూరంగా పెట్టాలి. రంగు మార్పును చూపే పిండిపదార్థంగా, అంటే సూచికగా, పలుచని అన్నం గంజి, చల్లారినది, సరిపోతుంది. బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) లేనివారు సూది తీసేసిన 2 మి.లీ. సిరంజిని వాడవచ్చు, దానిపై 0.1 మి.లీ. గీతలుంటాయి.

ముందుగా 500 మి.గ్రా. విటమిన్ సి మాత్ర ఒకటి నలిపి, నీటిలో కరిగించి, మొత్తం 500 మి.లీ. చేసి వడకట్టండి. ఇది మన ప్రమాణ ద్రావణం, మి.లీ.కి 1 మి.గ్రా. గాలి తగిలితే బలం తగ్గుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే తయారుచేసుకోవాలి. దీనిలో 10 మి.లీ.కి 8 మి.లీ. అయోడిన్ పట్టిందనుకుందాం, అప్పుడు 1 మి.లీ. అయోడిన్ 1.25 మి.గ్రా. విటమిన్‌కు సమానం. 10 మి.లీ. నిమ్మరసానికి 3.6 మి.లీ. పడితే అందులో 4.5 మి.గ్రా. ఉన్నట్లు, అంటే 100 మి.లీ.కి 45 మి.గ్రా.

ఇక అసలు ప్రయోగం. పదీ పన్నెండు కాయల రసాన్ని ఒకే పాత్రలోకి పిండి, వడకట్టి, 50 మి.లీ. చొప్పున నాలుగు భాగాలు చేయండి. ఒకటి పచ్చిగా ఉంచి, మిగిలినవాటిని ఒకే స్టీలు గిన్నెలో, ఒకే మంట మీద 5, 10, 20 నిమిషాలు మరిగించండి. వేరువేరు కాయల రసాన్ని పోలిస్తే తేడా వేడివల్ల వచ్చిందో కాయవల్ల వచ్చిందో తేలదు.

నా తరగతిలో ఒక అమ్మాయికి మరిగించిన కొద్దీ విటమిన్ పెరుగుతున్నట్లు లెక్క వచ్చింది. పాపం, రెండు రోజులు సిరంజినే అనుమానించింది. మరిగేటప్పుడు నీరు ఆవిరై రసం చిక్కబడుతుందని, చల్లారాక మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో 50 మి.లీ.కి తేవాలని ఆమె తానే కనిపెట్టింది. మొదటి పట్టికను చించేయకుండా, తప్పు ఎక్కడ జరిగిందో దాని పక్కనే రాసింది. ఆ ఏడాది నేను చూసిన ప్రాజెక్టులలో నాకు అన్నిటికన్నా విలువైన పేజీ అదే. రసం పూర్తిగా చల్లారాకే అంశమాపనం చేయాలన్నది కూడా మరవకండి, ఎందుకంటే వేడిలో నీలి రంగు మాయమైపోతుంది.

ప్రతి భాగానికి కనీసం మూడు రీడింగులు తీసి సగటు కట్టండి, మూడింటినీ నివేదికలో చూపండి. అడ్డు అక్షం మీద నిమిషాలు, నిలువు అక్షం మీద మి.గ్రా. పెట్టి గ్రాఫు గీయండి. అయోడిన్ విటమిన్ సి ఒక్కదానితోనే కాక ఇతర క్షయకరణులతోనూ, అంటే దాన్ని అయోడైడ్‌గా మార్చగల ఇతర పదార్థాలతోనూ, చర్య జరుపుతుంది. సల్ఫైటు కలిపి నిల్వచేసిన సీసా రసాలకు ఈ పద్ధతిలో విలువ ఎక్కువగా రావడానికి అదే కారణం. అందుచేత తాజా కాయలే వాడి, ఈ పరిమితిని నివేదికలో ఒక పేరాగా రాయండి.