డబుల్ గ్లాస్ కిటికీ మసకబారితే, నీరు కారితే, షట్టర్ బిగుసుకుంటే

డబుల్ గ్లాస్ అంటే మధ్యలో ఖాళీ వదిలి, చుట్టూ సీలు చేసిన రెండు అద్దాల జత. అది మసకబారగానే అద్దాలవాళ్లకు ఫోన్ చేయకండి. ముందు పొడి గుడ్డ తీసుకుని లోపలివైపు తుడవండి, తర్వాత బయటివైపు తుడవండి. ఎటు తుడిస్తే పోయిందో దాన్నిబట్టి జబ్బు తెలుస్తుంది. రెండు వైపులా తుడిచినా మసక అలాగే ఉంటే చెమ్మ రెండు అద్దాల మధ్య చేరినట్టు. మూడింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు.

బయటివైపు చెమర్చడం లోపం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానాకాలపు రాత్రి గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి, 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్లు పడతాయి. ఏసీ 20లో నడుస్తున్న గది అద్దానికీ, చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకీ ఇందులో తేడా లేదు. డబుల్ గ్లాసులో బయటి అద్దం అంతగా చల్లబడదు కాబట్టి నడిమి భాగం పొడిగానే ఉండి, చుట్టూ అంచుల్లో మాత్రం చెమ్మ కనిపిస్తుంది. అంచుల్లో ఉండే అల్యూమినియం పట్టీ గుండా చల్లదనం బయటికి వస్తుంది మరి. ఏసీని 25, 26కి పెంచితే చాలు. లోపలివైపు చెమరిస్తే గదిలో తేమ ఎక్కువైందని అర్థం. చలికాలంలో అన్నీ మూసుకుని నలుగురు పడుకున్నా, గదిలో తడిబట్టలు ఆరేసినా అలా అవుతుంది. పొద్దున్నే ఓ అరగంట కిటికీ తీసి ఉంచండి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.

అసలు బాధ మధ్యలో చేరే చెమ్మతోనే. రెండు అద్దాల మధ్య చుట్టూరా బోలు అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాన్ని స్పేసర్ అంటారు. అందులో చెమ్మను పీల్చే సన్నటి గుళికలు పోస్తారు. ఆ గుళికలకు గాలి తగలడానికి పట్టీ లోపలి ముఖం మీద వరసగా సూది రంధ్రాలుంటాయి. పట్టీకి రెండు పక్కలా నల్లటి బ్యుటైల్ (జిగురుగా ఉండే రబ్బరు లాంటి పదార్థం) గీత ఆవిరిని ఆపుతుంది. దాని వెనక, అంచు చుట్టూ పాలీసల్ఫైడ్ గానీ సిలికాన్ గానీ పోసిన రెండో పొర అద్దాలను పట్టి ఉంచుతుంది. ఈ సీలు ఎక్కడైనా వదిలితే తేమ లోపలికి వస్తుంది. కొన్నాళ్లు గుళికలు పీల్చుకుంటాయి. అవి నిండిపోయాక, పొద్దున కనిపించి మధ్యాహ్నానికి మాయమయ్యే మసక మొదలవుతుంది. ఆపైన తెల్లటి చారలు కడతాయి, అవి ఇక పోవు.

అద్దానికి రంధ్రం వేసి ఆరబెట్టి మూసే పద్ధతి గురించి వినే ఉంటారు. మన తీరంలో దానికి డబ్బు పెట్టకండి. నిండిపోయిన గుళికలు పట్టీలో అలాగే ఉంటాయి, ఊడిన సీలూ అలాగే ఉంటుంది. బయట గాలే తడిగా ఉన్నచోట మళ్లీ మసకబారక తప్పదు. పైగా టఫెన్డ్ అద్దానికి (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) రంధ్రం వేయబోతే మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది. ఫ్రేమ్, షట్టర్ (అద్దం బిగించిన, తెరిచి మూసే చట్రం) బాగుంటే అద్దాల జత ఒక్కటీ మార్చుకోవచ్చు, కిటికీ అంతా పీకక్కర్లేదు.

కానీ సీలు ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. డబుల్ గ్లాస్ ఎక్కువగా చెడేది కింది అంచు దగ్గరే, అక్కడ నీళ్లు నిలవడం వల్లే. వాన నీరు కొంత రబ్బరు దాటి ఫ్రేములోకి రావడం మామూలే, కిటికీ తయారీలోనే దానికి దారి ఉంటుంది. ఫ్రేము కింది భాగంలో బయటివైపు వేలి గోరంత వెడల్పున అడ్డంగా కోసిన రంధ్రాలు కనిపిస్తాయి. వచ్చిన నీరు వాటి గుండా బయటికి పోవాలి. బీచ్ ఇసుక, టెక్కలి చుట్టుపక్కలైతే గ్రానైట్ ధూళి, చీమలు తెచ్చిపెట్టిన మట్టి, కందిరీగల గూళ్లు వాటిని మూసేస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా మూసేది మాత్రం మనుషులే. రంగులేసేటప్పుడు పుట్టీతోనో, నీళ్లు కారుతున్నాయని సిలికాన్‌తోనో ఆ రంధ్రాలను పూడ్చేస్తారు. ఇక ఆ నీళ్లు అద్దం కింది అంచును రోజుల తరబడి నానబెడతాయి.

అందుకే ఏ మరమ్మతైనా ఒక గ్లాసు నీళ్లతో మొదలుపెట్టండి. స్లైడింగ్ కిటికీ ట్రాకులో పావు లీటరు నీళ్లు నెమ్మదిగా పోసి, ఇంకొకరిని బయట నిలబెట్టండి. అర నిమిషంలో రంధ్రాల నుంచి నీరు బయటపడాలి. ట్రాకులోనే నిలిచిపోతే పాత టూత్ బ్రష్‌తో ఇసుక తీసి, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో రంధ్రాలు పొడిచి, మళ్లీ పోసి చూడండి. ఇనుప చువ్వతో పొడిస్తే లోపలి గోడకు చిల్లు పడి నీరు ఫ్రేము లోపల బలానికి పెట్టిన ఇనుప పట్టీ ఉన్న బోలు అరలోకి దిగుతుంది. నీరు బయటికి రాకుండా గదిలో గోడ కింద తడి కనిపిస్తే ఫ్రేము మూల అతుకు విడిపోయినట్టు. లోపలివైపు మూలను శుభ్రంగా ఆరబెట్టి న్యూట్రల్ సిలికాన్ పట్టించాలి.

ట్రాకు పరీక్షలో ఏమీ తేలకపోతే పైపుతో నీళ్లు కొట్టి చూడండి. కింది నుంచి పైకి, ఒక్కో ఎత్తులో ఐదేసి నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీరు అంతా తడిపేస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. మొదట గట్టు, తర్వాత ఫ్రేముకీ గోడకీ మధ్య సందు, ఆ తర్వాత అద్దం రబ్బరు, చివర పై సన్‌షేడ్.

గట్టు దగ్గర ఒక పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కిటికీ బిగించాక అందంగా ఉంటుందని గ్రానైట్ పలకను నీటి రంధ్రాల ఎత్తుకు తెచ్చి పరుస్తారు, లేదా మట్టసంగా పరుస్తారు. అప్పుడు బయటికి వచ్చిన నీరే తిరిగి లోపలికి పోతుంది. పలక పైభాగం రంధ్రాల కంటే కనీసం 10 మిల్లీమీటర్లు కిందికి ఉండి, బయటికి వాలాలి. పలక ముందు అంచు అడుగున సన్నటి గాడి కోయిస్తే నీరు గోడను పట్టుకుని దిగకుండా అక్కడే చుక్కలుగా రాలుతుంది.

ఫ్రేముకీ గోడకీ మధ్య సందును వైట్ సిమెంటుతో పూడ్చితే అది పగలక తప్పదు. ఫ్రేములకు వాడే గట్టి ప్లాస్టిక్ అయిన యూపీవీసీ మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మిల్లీమీటర్ల చొప్పున సాగుతుంది. రెండు మీటర్ల ఫ్రేము రాత్రికీ మధ్యాహ్నానికీ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సిమెంటు ఆ సాగుడు ఓర్చుకోదు. పాత సిమెంటునూ, పాత సిలికాన్‌నూ కట్టర్ బ్లేడుతో పూర్తిగా తీసేయండి. పాతదాని మీద కొత్తది రాస్తే పట్టదు. సందులో ఫోమ్ తాడు దూర్చి, పైన 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతున సిలికాన్ నింపండి. ఈ కొలతకు 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి ఐదున్నర మీటర్లు వస్తుంది. అంటే నాలుగడుగుల చదరపు కిటికీకి ఒక ట్యూబు సరిపోయి కొంచెం మిగులుతుంది.

ట్యూబు కొనేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగండి: న్యూట్రల్ క్యూర్ వెదర్ సిలికాన్ కావాలని. వెనిగర్ వాసన కొట్టేది తీసుకోకండి. అందులోంచి వెలువడే ఆమ్లం డబుల్ గ్లాస్ అంచు సీలును చెడగొడుతుంది, ఇనుప స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. యూపీవీసీని థిన్నర్‌తో తుడవకండి, పైపొర మెత్తబడి మరకలు పడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సిలికాన్ రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున గట్టిపడుతుంది కాబట్టి రెండు రోజులు వాన లేని సమయం చూసుకోండి.

ఇక అద్దాల జత మార్చడం. టఫెన్డ్ అద్దాన్ని ఒకసారి తయారయ్యాక కోయలేరు, అరిగించలేరు, కాబట్టి కొలతలో తప్పు చేస్తే ఆ అద్దం వృథా. బీడింగ్ (అద్దాన్ని షట్టర్‌లో పట్టి ఉంచే పట్టీ) ఒక పక్క తీసి లోపలి గాడిని నేరుగా కొలవండి. వెడల్పు పైన, మధ్యన, కింద, ఎత్తు కూడా అలాగే మూడు చోట్ల. మూడింటిలో చిన్నది తీసుకుని దాని నుంచి 10 మిల్లీమీటర్లు తగ్గించండి, అంటే ఒక్కో పక్క 5. కర్ణాలు రెండూ కొలిస్తే షట్టర్ వంకరపోయిందో లేదో తెలుస్తుంది. మందం రాసేటప్పుడు 5-12-5 అన్నట్టు విడివిడిగా రాయండి. అద్దం 5, ఖాళీ 12, అద్దం 5, మొత్తం 22. మొత్తం ఒక్కటే చెబితే వేరే కలయిక వచ్చి బీడింగ్ బిగుసుకోదు.

పాత అద్దానికి లో-ఈ పూత (వేడిని తగ్గించే, కంటికి కనపడని పలచటి పూత) ఉందేమో చూడండి. చీకటి పడ్డాక గది లోపల అద్దానికి దగ్గరగా లైటర్ మంట పట్టుకుంటే నాలుగు ప్రతిబింబాలు వరసగా కనిపిస్తాయి, ఒక్కో అద్దపు ముఖానికి ఒకటి. నాలుగూ ఒకే రంగులో ఉంటే పూత లేదు. ఒకటి వేరే ఛాయలో కనిపిస్తే అది పూత ఉన్న ముఖం. మన వేడికి అది బయటి అద్దం లోపలివైపు ఉండాలి, అంటే గదిలోంచి లెక్కపెడితే మూడోది. కొత్త జత వచ్చాక బిగించే ముందే ఈ పరీక్ష చేయండి. తిరగేసి పెడితే కంటికి తెలియదు, గదికి మాత్రం ఎండాకాలమంతా తెలుస్తుంది.

తయారుచేయించేటప్పుడు స్పేసర్ మీద సూది రంధ్రాలు, పక్కన తెగకుండా సాగే నల్లటి బ్యుటైల్ గీత ఉన్నాయో లేదో చూడండి. రెండు మామూలు అద్దాల మధ్య పట్టీ పెట్టి, చుట్టూ సిలికాన్ పూసి డబుల్ గ్లాస్ అని అమ్మేవి ఉన్నాయి. గుళికలు లేని ఆ జత ఎక్కువ కాలం నిలవదు.

పనికి ఇద్దరుండాలి. అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికీ చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. 5-5 జత చదరపు మీటరుకు 25 కిలోలు. చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. పుట్టీ బ్లేడును పొడవైన బీడింగ్ నడిమి భాగంలో, బీడింగ్‌కీ షట్టర్‌కీ మధ్య దూర్చి, రబ్బరు సుత్తితో చిన్నగా తట్టి లేపండి. మూల దగ్గర మొదలుపెడితే బీడింగ్ విరుగుతుంది. పొడవువి తీశాక పొట్టివి వాటంతటవే వస్తాయి. ఏది ఎక్కడిదో వెనకాల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

అద్దం కింద ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి, వాటిని ప్యాకర్లంటారు. వాటి మీదే అద్దం బరువంతా ఉంటుంది. ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసుకోండి. స్లైడింగ్ షట్టర్‌కు అడుగున రెండు చాలు, ఒక్కో చివర నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో. తలుపులా తెరుచుకునే షట్టర్‌కు మాత్రం కబ్జాలవైపు కింది మూలన ఒకటి, పిడివైపు పై మూలన ఒకటి కూడా బిగువుగా పెట్టాలి. అప్పుడు అద్దమే ఐమూలగా షట్టర్‌ను పట్టి ఉంచి, కిందికి జారనివ్వదు. బిళ్ల వెడల్పు రెండు అద్దాలకూ కింద ఆనేలా ఉండాలి. ఒక అద్దం మాత్రమే ఆని రెండోది గాలిలో వేలాడితే బరువంతా సీలు మీద పడుతుంది. నీటి దారికి బిళ్ల అడ్డం రాకూడదు. చివర పొట్టి బీడింగులు ముందు, పొడవువి తర్వాత, విల్లులా కొద్దిగా వంచి దూర్చండి. రబ్బరు మార్చాల్సి వస్తే ఈపీడీఎం రబ్బరే (ఎండకూ వానకూ తట్టుకునే రకం) వేసి, సాగదీయకుండా, కొలత కంటే వేలెడు ఎక్కువ ఉంచి కోయండి. సాగదీసి పెట్టింది కొన్నాళ్లకు కుంచించుకుని మూలల్లో సందు వదులుతుంది.

షట్టర్ బరువుగా జరుగుతోందంటే తప్పు రోలర్లదో, ట్రాకుదో తేల్చుకోవాలి. ముందు ట్రాకు కడిగి ఆరబెట్టండి. ఇసుక గరగర పోతే అంతే. పోకపోతే ఇద్దరు కలిసి షట్టర్‌ను పైకెత్తి, కింది భాగాన్ని గదివైపు లాగి దించండి. రోలర్ చక్రాన్ని వేలితో తిప్పండి. ఆగి ఆగి తిరిగినా, బేరింగ్ నుంచి ఎర్రటి పొడి రాలినా మార్చేయాలి. సముద్రానికి దగ్గరి ఇళ్లకు స్టెయిన్‌లెస్ బేరింగ్ ఉన్నవే కొనండి, మామూలు ఇనుప బేరింగ్ ఉప్పు గాలికి త్వరగా బిగుసుకుంటుంది. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే. రోలర్ మోయగల బరువు ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, షట్టర్ బరువుతో పోల్చి చూడండి. సింగిల్ గ్లాస్ రోలర్లనే డబుల్ గ్లాస్ షట్టర్‌కు వేయడం వల్ల త్వరగా పోయేవి ఎక్కువ. ట్రాకులో నూనె, గ్రీజు పోయకండి, ఇసుక అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది. సిలికాన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు. షట్టర్ ఒకవైపు ఒరిగితే పక్క అంచు కింద ఉన్న స్క్రూను తిప్పి రోలర్ ఎత్తు సరిచేయండి.

అద్దం పగిలితే పగులు మొదలైన చోటు చూడండి. అంచుకు లంబంగా బయల్దేరి తర్వాత వంకర తిరిగితే అది వేడి పగులు. డబుల్ గ్లాస్ మీద సన్ ఫిల్మ్ అంటించడం, అద్దానికి ఆనించి అల్మారా పెట్టడం వల్ల సగం వేడెక్కి సగం చల్లగా ఉండి పగులుతుంది. కొత్తది టఫెన్డ్ వేయించి, ఫిల్మ్ లేకుండా వాడండి.

తుపాను రాత్రి స్లైడింగ్ కిటికీలోకి నీళ్లు వచ్చాయంటే అది అద్దం లోపం కాదు. గాలి ఒత్తిడికి ట్రాకులో నీరు బయటికి పోలేక పైకి లేచి లోపలికి దూకుతుంది. షట్టర్ల అంచుల్లోని ఊలు బ్రష్ పట్టీ అరిగిపోయుంటే మార్చండి. సముద్రం వైపు గోడకు కొత్తగా పెట్టించేవారైతే తలుపులా తెరుచుకునేవే పెట్టించుకోండి, నాలుగు వైపులా రబ్బరు నొక్కుకుని మూతపడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. నీటి రంధ్రాలు పొడవడం, గ్లాసు నీళ్ల పరీక్ష, బ్రష్ పట్టీ మార్చడం దసరాకు ఇల్లు దులిపేటప్పుడు కాకుండా, సెప్టెంబరు సగానికే పూర్తి చేసుకోండి. తీరంలో ఉన్నవారు నెలకోసారి ఫ్రేములనూ కబ్జాలనూ మంచినీళ్లతో కడగండి, ఉప్పు పేరుకున్నాక కడిగితే అప్పటికే స్క్రూ తలలు తినేసి ఉంటుంది.