పాత జూనిపర్ బోన్సాయ్‌కి కొత్త రూపం ఇవ్వడం ఎలా?

కత్తెర తీసే ముందు క్యాలెండర్ చూడండి. వరంగల్‌లో కొన్నేళ్లు మే నెల ఎండ 44 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో, దేవదారు, పైన్‌ల కోవకు చెందిన జూనిపర్ చెట్టుకు ప్రాణం నిలబెట్టుకోవడమే పెద్ద పని. రూపం మార్చే పనిని నవంబరు చివరి నుంచి జనవరి లోపు పెట్టుకోండి. ఈ మధ్యే కుండీ మార్చి ఉంటే మరో చలికాలం దాకా ఆగాలి. వేళ్లనూ కొమ్మలనూ ఒకేసారి కదిలిస్తే చెట్టు తట్టుకోలేదు.

మొదట కాండం అడుగున మట్టి తోసి, వేళ్లు విచ్చుకున్న చోటు కనిపించేలా చేయండి. కుండీని నెమ్మదిగా తిప్పుతూ వేళ్లూ, కాండం వంపూ బాగా కనిపించే వైపును ముఖంగా ఎంచుకోండి. నాలుగు వైపులా ఫోనులో ఫొటోలు తీసి ఒక రాత్రి ఆలోచించండి.

ఇక కోత. వేపను మోడు చేసినా చిగురిస్తుంది. జూనిపర్‌కు ఆ గుణం లేదు. ఆకుపచ్చదనమంతా తీసేసిన కొమ్మ ఎండిపోవలసిందే. హనుమకొండలో మా మేడ మీద నేను ఈ తప్పు చేసి మంచి కొమ్మ ఒకటి పోగొట్టుకున్నాను. ఒక విడతలో మూడో వంతుకు మించి ఆకు తీయకండి. అక్కరలేని కొమ్మను మొదలంటా నరకకుండా కాస్త మోడు ఉంచి, బెరడు ఒలిచి, కటింగ్ ప్లయర్‌తో పీచులు లాగండి. ఈ ఎండు కొమ్మనే జపనీయులు ‘జిన్’ అంటారు. దానికి లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం) పూస్తే కుళ్లదు, తెల్లబడుతుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది కాబట్టి ఆరుబయటే పూయండి, మట్టి మీద పడకుండా గుడ్డ కప్పండి.

కొమ్మలను వంచి నిలపడానికి లోహపు తీగ చుట్టాలి. ముందు రోజు నీళ్లు తగ్గిస్తే కొమ్మ సులువుగా వంగుతుంది. కొమ్మ మందంలో మూడో వంతు మందమున్న అల్యూమినియం తీగను 45 డిగ్రీల వాలుగా చుట్టండి. కొండల్లో ముసలి చెట్ల కొమ్మలు మంచు బరువుకు కిందికి వాలతాయి. మనకు మంచు లేదు కాబట్టి ఆ బరువు చేసే పనిని తీగే చేయాలి. లావు కొమ్మ విరగకుండా ముందుగా దానికి తడి గోనె పీలికలు బిగించండి. ఏనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన మిర్చి సంచి అయితే నాలుగుసార్లు ఉతకండి, లేదంటే కళ్లు మండుతాయి! వంచుతుండగా చిటుక్కుమంటే అక్కడితో ఆపాలి.

తర్వాత మూడు నాలుగు వారాలు పలచటి నీడలో ఉంచి, ఆకుల మీద నీళ్లు చిలకరించండి. తీగ బెరడులోకి దిగుతున్నట్టు కనిపిస్తే విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి. ఎరువుకు మాత్రం తొందరపడకండి. జూనిపర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. కొనల్లో లేత చిగురు కనిపించాకే వేయండి.