ఇంటి కంప్యూటర్‌కు ఫైర్‌వాల్ కొనే ముందు

కొత్త కంప్యూటర్ ఇంటికి రాగానే చాలామంది ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసే ప్రోగ్రాం) పేరుతో ఏదో ఒక ప్యాకేజీకి డబ్బు పోస్తారు. తొందరపడకండి. విండోస్‌లో అది ముందే ఉంది. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ (పెద్ద అప్‌డేట్) నుంచీ మనం అడగకపోయినా ఆన్‌లోనే ఉంటోంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఫైర్‌వాల్ విభాగంలో డొమైన్ (ఆఫీసు), ప్రైవేట్ (ఇల్లు), పబ్లిక్ (బయటి చోట్లు) అనే మూడు రకాల నెట్‌వర్క్‌ల కిందా ఆన్ అని ఉందో లేదో చూసుకోండి. మాక్ వాడేవారు మాత్రం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద చూడాలి. అక్కడ సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది.

అసలు మెలిక వేరే ఉంది. ఈ ఫైర్‌వాల్ బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపుతుంది గానీ, మన కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు బయటికి పంపేదాన్ని మామూలుగా అడ్డుకోదు. ఏ ప్రోగ్రాం ఎక్కడికి సమాచారం పంపుతోందో పట్టుకోవాలంటే విండోస్‌లో సింపుల్‌వాల్, మాక్‌లో లులు అనే ప్రోగ్రాములు ఉన్నాయి. రెండూ ఉచితమే. అయితే మొదట్లో ప్రతిదానికీ అనుమతి అడిగి ప్రాణం తీస్తాయి. చదవకుండా అన్నిటికీ సరే అని నొక్కేవారికి వీటివల్ల ఒరిగేదేమీ లేదు, నిజం చెప్పాలంటే.

యాంటీవైరస్‌తో పాటు మరో ఫైర్‌వాల్ వచ్చి ఉంటే రెంటిలో ఒక్కదాన్నే ఉంచండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇక రైల్వే స్టేషన్‌లోనో హోటల్‌లోనో వైఫై కలిపినప్పుడు ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గానే ఉంచండి, ప్రైవేట్‌కు మార్చవద్దు.