మాటతో వేసే ముగ్గు: సూచన పాటించి బొమ్మ గీయడం, సూచన రాయడం

సంక్రాంతి నెలలో పాలమూరు వాడల్లో పొద్దున్నే వినిపించే మాటలివి. "ఎన్ని సుక్కలక్కా?" "పదిహేను. సందు సుక్క. ఎనిమిది దాకా." ఇంతే. నడిమి వరుసకు 15, దానికి పైనా కిందా 14, 13 అంటూ తగ్గించుకుంటూ 8 వరకు, మొత్తం 169 చుక్కలు. ఎవరి వాకిట్లో పెట్టినా అవే పడతాయి. కానీ ఆ చుక్కల మీద ఏం గీయాలో ఆ మాటల్లో లేదు. ఒకింటి ముందు నెమళ్లు వస్తాయి, పక్కింటి ముందు మెలికలు వస్తాయి. చుక్కలకు కట్టడి ఉంది, గీతకు లేదు. సూచనతో బొమ్మ గీయడమంటే ఈ పనే. దేన్ని బిగించాలి, దేన్ని వదలాలి అన్నదే ఇందులో అసలు నేర్పు.

అమెరికా చిత్రకారుడు సోల్ లెవిట్ 1968 నుంచి గోడబొమ్మలను ఇలాగే చేశాడు. ఆయన సూచన రాస్తాడు, గోడ మీద గీసేది ఎక్కువగా వేరేవాళ్లు. 1971 నాటి ఒక సూచనలో గోడ మీద 50 చుక్కలు ఎక్కడపడితే అక్కడ, అయినా గోడంతా పరుచుకునేలా పెట్టమన్నాడు. తర్వాత ప్రతి చుక్కనూ మిగతా చుక్కలన్నింటితో తిన్నని గీతలతో కలపాలి. లెక్కేస్తే 1,225 గీతలు. ఏ రెండు గోడల మీదా ఒకే బొమ్మ రాదు. ప్రదర్శన అయ్యాక గోడకు రంగేస్తారు, సూచన మిగులుతుంది. రాత్రి వేసిన ముగ్గును మర్నాడు ఊకేసే చేతులకు ఇది కొత్తేమీ కాదు.

మొదటిసారే 50 చుక్కల జోలికి పోవద్దు. 12తో మొదలుపెడితే 66 గీతలొస్తాయి, ఒక పూటలో అయిపోతుంది.

వాకిట్లో 12 చింతగింజలు

కావలసినవి: ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున్న వాకిలి, 12 చింతగింజలు, నాలుగు సుద్దముక్కలు, పన్నెండడుగుల నూలు దారం, కిలో ముగ్గు, చిటికెడు పసుపు. 66 గీతలకు అరకిలోకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఒలికిపోయేదీ దిద్దేదీ కలుపుకుంటే కిలో దగ్గరుండాలి. ఒట్టి బియ్యప్పిండి తడి చేతిలో ఉండ కడుతుంది, గీత తెగుతుంది. రాతి ముగ్గులో నాలుగో వంతు బియ్యప్పిండి కలిపితే వేళ్ల సందున సాఫీగా జారుతుంది.

గింజలు వేయకముందే కాగితం మీద మూడు మాటలు రాసి పెట్టుకోండి. హద్దు బయట పడ్డ గింజను మళ్లీ వేయాలా? రెండు గింజలు ఒకదానికొకటి తగిలి పడితే ఏం చేయాలి? ఒక గీత మూడో చుక్క మీదుగా పోతే ఏం చేయాలి? మా సలహా: బయట పడ్డదాన్నే మళ్లీ వేయండి, తగిలి పడ్డవాటిని అట్లాగే ఉంచండి, మూడో చుక్క మీదుగా పోయే గీతను ఉన్న గీత మీదనే మళ్లీ గీయండి. మీ నియమాలు వేరేగా ఉండొచ్చు. కానీ గింజలు పడ్డాక రాసుకునేది నియమం కాదు, సర్దుబాటు. బొమ్మ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. గింజ నచ్చని చోట పడిందని వేలితో కొద్దిగా జరుపుతారు. తర్వాత ఇంకొకటి జరుపుతారు. చివరికి అలవాటైన చుక్కల ముగ్గే తయారవుతుంది.

గింజలెందుకంటే చేత్తో "ఎక్కడపడితే అక్కడ" పెట్టడం కుదరదు. చెయ్యి తెలియకుండానే సమాన దూరాలు చూసుకుంటుంది. గింజలకు ఆ అలవాటు లేదు. మోకాలి ఎత్తు నుంచి వదలండి. నిలబడి వేస్తే గట్టి నేల మీద ఎగిరి హద్దు దాటుతాయి.

సాన్పి (కల్లాపి) చల్లిన మట్టి వాకిలైతే నీటి మెరుపు పోయి తేమ మిగిలేదాకా ఆగాలి. మెరుస్తున్నప్పుడు వేస్తే ముగ్గు నీళ్లు పీల్చి పక్కకు పాకుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే గాలికి లేస్తుంది. సీసీ రోడ్డు నీటిని తొందరగా తాగేస్తుంది, రెండుసార్లు చల్లాలి. అయితే సుద్దగీత తడి మీద పడదు. అందుకే ముందు పొడి నేల మీద సుద్దతో గీసి, తర్వాత చేత్తో సన్నగా నీళ్లు చిలకరించి, ఆ పైన ముగ్గు వేయండి. మట్టి నేలైతే సుద్దకు బదులు పుల్లతో గీరండి.

గింజ పడ్డ ప్రతిచోటా చుక్క పెట్టి 1 నుంచి 12 దాకా అంకె వేయండి. ఒకటో చుక్క నుంచి 11 గీతలు. అయిపోగానే దాని మీద పసుపు చుక్క పెట్టండి, ఇక దాని దగ్గరికి రానవసరం లేదు. రెండో చుక్క నుంచి 10, మూడో దాని నుంచి 9. ఇలా పోతే ఒక్క గీత కూడా తప్పదు. ఎక్కడ కన్ను పడితే అక్కడ కలుపుతూ పోతే ముప్పయ్యో గీత దగ్గర లెక్క తప్పుతుంది, ఏది మిగిలిందో వెతకడానికే గంట పడుతుంది. గీత తిన్నగా రావాలంటే ఇద్దరు దారం చెరో కొసా బిగబట్టాలి, మూడోవాళ్లు దాని వెంట సుద్ద నడపాలి.

సుద్దగీతల మీద కాలు పడ్డా నష్టం లేదు, ముగ్గు మీద పడితే చెరిగిపోతుంది. కాబట్టి ముగ్గును నడిమి నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ బయటికి రండి. గీతలు గుంపుగా కూడిన చోట ముగ్గు కుప్పవుతుంది, తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. అక్కడ చిటికె సన్నం చేయండి, కానీ గీత మాత్రం మానొద్దు. ఆ గుబురు 12 చుక్కలూ కలిసి చేసింది, దాన్ని పలచన చేసే హక్కు మీకు లేదు.

సొంత సూచన రాయాలంటే

"అందంగా", "నచ్చినట్టు", "సృజనాత్మకంగా" అన్న మాటలు కొట్టేయండి. ఇవి చదివినవాళ్లు తమకు చేతనైన తామరపువ్వునే గీస్తారు. పనినీ లెక్కనూ చెప్పండి. "గీయి, ఆపు, మూడుసార్లు, జానెడు" లాంటి మాటలే చేతిని కొత్త చోటికి తీసుకుపోతాయి.

ఒక సూచనను దగ్గర నుంచి చూద్దాం. మొదటి రాత: "వేపచెట్టు నీడను గీయండి." నేల మీద కూర్చోగానే చిక్కొస్తుంది. నీడ ఆగదు. పదడుగుల ఎత్తున్న కొమ్మ నీడ పది నిమిషాల్లో అయిదంగుళాలకు తగ్గకుండా జరుగుతుంది, పొద్దున తొమ్మిదింటికైతే దాదాపు దానికి రెట్టింపు. ఒక అంచు గీసేలోపు రెండో అంచు ఇంకోచోట ఉంటుంది, గీసేవాళ్లు ఊహించి పూర్తి చేస్తారు. రెండో రాత: "నీడ జరిగేలోపు త్వరగా గీయండి." ఎంత త్వరగా? ముగ్గురు అడిగితే మూడు జవాబులు. మూడో రాత: "ఒక కొమ్మను ఎంచుకోండి. 9 గంటలకు దాని నీడ అంచును నాలుగు నిమిషాలు గీసి, ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆపండి. 10కి, 11కి మళ్లీ అట్లాగే. పాత గీతను చెరపొద్దు." ఇప్పుడు కాలం బిగిసింది. కొమ్మ ఎంపిక, గాలి, మబ్బు, గీసే చేతి వేగం వదులుగా ఉన్నాయి. (నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలని నీడ ఉంది. అక్కడ ఈ సూచన పాటిస్తే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. చోటు మారితే బొమ్మ మారుతుందంటే ఇదే.)

రాసింది నిలుస్తుందో లేదో తెలియాలంటే ముగ్గురికివ్వండి. మీరు నోరు మెదపొద్దు. ముగ్గురూ ఒకే బొమ్మ గీస్తే మరీ బిగించారు. అది పుట్టపాక తేలియా రుమాలు (పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది నేసే బట్ట) కట్టే చోట కావలసిన బిగువు, అక్కడ ముడి కొద్దిగా జరిగినా నేత మీద కనిపిస్తుంది. ముగ్గురూ ఒకే ప్రశ్న అడిగితే అక్కడ చిల్లుంది, పూడ్చండి. ముగ్గురూ ఏమీ అడగకుండా మూడు వేర్వేరు బొమ్మలు గీస్తే ఆ సూచన పనికొస్తుంది.

గోడ మీదికి వెళ్లాలనుకుంటే సున్నం గోడకు జాజు (ఎర్రమట్టి రంగు) బాగుంటుంది. ఒట్టి నీళ్లతో కలిపిన జాజు ఆరాక చేతికంటుతుంది. తుమ్మబంకను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడగట్టి, నూరు గ్రాముల జాజుకు రెండు చెంచాలు కలపండి. బంక ఎక్కువైతే ఆరాక పెచ్చులుగా లేస్తుంది, ముందు మూలన ఒక గీత వేసి చూసుకోండి. డిస్టెంపర్ గోడకు గట్టి పెన్సిల్ చాలు.

పూర్తయ్యాక బొమ్మ పక్కన సూచన మొత్తం, తేదీ, సూచన రాసినవారి పేరు, గీసిన అందరి పేర్లు రాయండి. దారం పట్టుకున్నవారి పేరు కూడా. ఫొటోను మాత్రం తర్వాత గీసేవాళ్లకు ముందే చూపించొద్దు. చూస్తే సూచనను వదిలి ఫొటోను ఎత్తిరాస్తారు. వాళ్ల చేతికి కాగితమూ 12 గింజలూ ఇచ్చి, వాకిలి ఊకి పెట్టండి.