కదిలే రేడియో ఛానెల్‌ను అంచనా కట్టడం – మూడవ పాఠం: రెండు పైలట్ల నడుమ

పైలట్ సంకేతం (టవర్ ముందే తెలిసిన విలువతో పంపే సంకేతం) వచ్చిన క్షణంలో ఛానెల్ విలువను, అంటే టవర్‌కూ ఫోనుకూ మధ్య దారి సంకేతాన్ని ఎలా మారుస్తుందో చెప్పే విలువను, ఎలా రాబట్టాలో గత పాఠంలో చూశాము. పంపినదేమిటో మనకు ముందే తెలుసు కనుక, అందినదాన్ని దానితో భాగిస్తే ఆ క్షణపు ఛానెల్ విలువ, కొంత నాయిస్‌తో కలిసి, చేతికి వస్తుంది. అది ఒక సంకీర్ణ సంఖ్య. సంకేతం ఎంత బలహీనపడిందో దాని పరిమాణం చెబుతుంది, దశ ఎంత తిరిగిందో దాని కోణం చెబుతుంది. ఫోను బల్ల మీద కదలకుండా ఉంటే పని అక్కడితో దాదాపు అయిపోయినట్లే. అదే ఫోను నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో ఉంటే, పైలట్ వెనుక వచ్చే డేటాకు ఆ విలువ ఎంతసేపు పనికివస్తుందన్నది తేల్చుకోవాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నకే. చాలామంది విద్యార్థులు కాల్మన్ ఫిల్టర్‌తో (కొత్త కొలత వచ్చినప్పుడల్లా అంచనాను సవరించే పద్ధతి) మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. పైలట్ విలువ ఎంతసేపటికి పాతబడుతుందో కాగితం మీద లెక్కకట్టడం ముందు నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

వేగాన్ని హెర్ట్జ్‌లలోకి మార్చడం

బస్సు గంటకు 90 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 25 మీటర్లు. మన దేశంలో 4జీకి వాడే పట్టీలలో 1800 మెగాహెర్ట్జ్ ఒకటి. అక్కడ తరంగదైర్ఘ్యం 16.7 సెం.మీ. వేగాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 150 హెర్ట్జ్ వస్తుంది. ఈ ప్రయాణంలో సాధ్యమైన గరిష్ఠ డాప్లర్ మార్పు, అంటే కదలిక వల్ల అందిన పౌనఃపున్యంలో వచ్చే తేడా, ఇదే. బస్సు 5జీకి వాడే 3500 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఫోనును మోసుకుపోతుంటే అదే వేగానికి 292 హెర్ట్జ్ అవుతుంది.

ఒక్క మిల్లీసెకనులో బస్సు 2.5 సెం.మీ. జరుగుతుంది. ఆ కొంచెం దూరమే తరంగదైర్ఘ్యంలో 15 శాతం. గుట్టల మీద, ఇళ్ల గోడల మీద, ఎదురుగా వచ్చే లారీల మీద పడి పరావర్తనం చెందిన తరంగాలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు నుంచి వస్తాయి కాబట్టి, ఒక్కోదాని దశ ఒక్కో వేగంతో మారుతుంది. అవన్నీ కలిసిన మొత్తం, కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఒకచోట బలపడి, మరోచోట దాదాపు సున్నాకు పడిపోతుంది.

అన్ని దిక్కుల నుంచీ తరంగాలు సమానంగా వస్తున్నాయని భావిస్తే, ఒక క్షణపు ఛానెల్‌కూ కొంతసేపటి తరువాతి ఛానెల్‌కూ మధ్య ఉండే సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే సంఖ్య) సున్నా క్రమపు బెసెల్ ప్రమేయం అవుతుంది; దాని విలువలు గణిత పట్టికల్లో దొరుకుతాయి. 1968లో క్లార్క్ ప్రతిపాదించిన నమూనా ఇది. ప్రమేయంలో పెట్టవలసిన సంఖ్య కోసం 6.283ను డాప్లర్‌తోనూ కాలంతోనూ గుణించాలి. సంఖ్య చిన్నదైతే, ఒకటిలోంచి దాని వర్గంలో నాలుగో వంతు తీసివేసినా చాలినంత దగ్గరి విలువ వస్తుంది. మన బస్సుకు అర మిల్లీసెకను దగ్గర సహసంబంధం 0.945, ఒక మిల్లీసెకను దగ్గర 0.790, రెండు మిల్లీసెకన్ల దగ్గర 0.291. సుమారు 2.55 మిల్లీసెకన్ల దగ్గర అది సున్నాను తాకుతుంది. ఆ దూరంలో ఉన్న పైలట్, ఒంటరిగా, మనకు ఏమీ చెప్పదు.

చేత్తో చేసే లెక్క

ప్రతి మిల్లీసెకనుకు ఒక పైలట్ వస్తోందని, సరిగ్గా రెండింటి మధ్యన, అర మిల్లీసెకను దగ్గర, ఛానెల్ కావాలని అనుకుందాం. ఛానెల్ సగటు శక్తిని 1గా, పైలట్ మీది నాయిస్ శక్తిని 0.1గా తీసుకుందాం, అంటే సంకేతం నాయిస్ కంటే 10 డెసిబెల్ పైన ఉంది.

వెనుకటి పైలట్ విలువనే ముందుకు లాక్కుపోతే, సగటు వర్గదోషంలో రెండు భాగాలు ఉంటాయి. పాతబడినందుకు వచ్చేది 1లోంచి 0.945 తీసివేసి రెట్టింపు చేస్తే 0.11, నాయిస్ వల్ల వచ్చేది 0.1. మొత్తం 0.21. ఈ రెండు భాగాలను ఎప్పుడూ విడివిడిగా రాసుకోండి, ఎందుకంటే మొదటిదానికి మందు పైలట్లను దగ్గర చేయడం, రెండవదానికి మందు ఎక్కువ పైలట్లను కలపడం.

ఇప్పుడు రెండు పైలట్లనూ వాడదాం. మధ్య బిందువుకు రెండూ సమాన దూరంలో ఉన్నాయి కనుక రెండింటికీ ఒకే గుణకం చాలు. దోషం కనిష్ఠమయ్యే గుణకాన్ని వీనర్ పద్ధతి ఇలా ఇస్తుంది: అర మిల్లీసెకను సహసంబంధాన్ని, 1కి నాయిస్ శక్తినీ ఒక మిల్లీసెకను సహసంబంధాన్నీ కలిపిన మొత్తంతో భాగించాలి. అంటే 0.945ను 1.89తో భాగించాలి, జవాబు 0.50. దోషం కోసం ఆ గుణకాన్ని 0.945తో గుణించి, రెట్టింపు చేసి, 1లోంచి తీసివేయాలి, జవాబు 0.055. ఇంతకుముందు వచ్చిన 0.21లో ఇది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

గుణకం 0.50 వచ్చింది గనుక ఇది మామూలు సగటే కదా అనిపిస్తుంది. 10 డెసిబెల్ దగ్గర అలా కుదిరింది, అంతే. నాయిస్‌ను 1కి పెంచి చూడండి: గుణకం 0.34కు దిగుతుంది, దోషం 0.36 అవుతుంది, మామూలు సగటుకైతే 0.50 దోషం వచ్చేది. పైలట్లను అంతగా నమ్మలేనప్పుడు అంచనాను సున్నా వైపు కుదించడమే మేలని లెక్క చెబుతోంది. ఇప్పుడు నాయిస్‌ను 0.01కి తగ్గించండి: గుణకం 0.525, అంటే రెండూ కలిపి ఒకటిని దాటాయి. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. రెండు పైలట్లు సంకీర్ణ తలంలో వేర్వేరు కోణాల్లో ఉంటాయి కాబట్టి వాటి సగటు పరిమాణం నిజమైన మధ్య విలువ కంటే సగటున చిన్నదవుతుంది. నాయిస్ తక్కువగా ఉన్నప్పుడు గుణకం ఆ లోటును పూడుస్తుంది. దోషం 0.0095 నుంచి 0.0072కు తగ్గుతుంది. నేరుగా గీత గీసి పూరించే పద్ధతికి ఈ తేడా ఎన్నటికీ కనబడదు.

పైలట్లను ఎంత దూరం జరపవచ్చు? ఛానెల్ మార్పు 150 హెర్ట్జ్‌కు లోబడి ఉంది కనుక సెకనుకు కనీసం 300 నమూనాలు కావాలి, అంటే వాటి మధ్య ఎడం 3.33 మిల్లీసెకన్లు మించకూడదు. అంతకు మించితే ఏ ఫిల్టరూ కాపాడలేదు. ఆ అంచున పనిచేయాలంటే చాలా పైలట్లను కలపాలి, కొంత ఆలస్యాన్నీ భరించాలి. అందుకే అసలు వ్యవస్థలు ఎంతో దగ్గరగా పెడతాయి. 4జీ ప్రమాణమైన ఎల్‌టీఈలో ఒక మిల్లీసెకనుకు 14 సింబల్స్ (సంకేతాన్ని పంపే చిన్న కాలపు ముక్కలు) ఉంటే, మొదటి యాంటెన్నా పైలట్లు 1, 5, 8, 12వ సింబల్స్‌లో వస్తాయి. పెద్ద ఎడం నాలుగు సింబల్స్, సుమారు 0.29 మిల్లీసెకను.

టవర్ ఎదురుగా ఉన్నప్పుడు

అన్ని దిక్కుల నుంచీ సమానంగా అన్న ఊహ పట్టణ వీధుల్లో బాగానే నిలుస్తుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద, పొలాల మధ్య, టవర్ కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు అది నిలవదు. అక్కడ నేరుగా వచ్చే తరంగమే బలమైనది. ఛానెల్ పరిమాణం పెద్దగా మారదు, కోణం మాత్రం దాదాపు ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది. 150 హెర్ట్జ్ దగ్గర అది మిల్లీసెకనుకు 54 డిగ్రీలు. పక్కపక్క పైలట్ల సగటు తీస్తే నాయిస్ అసలే లేకపోయినా పరిమాణం 0.89కి పడిపోతుంది. కాబట్టి ముందు ఆ తిరుగుడును తీసివేయాలి: ఒక పైలట్ విలువను దాని ముందుదాని సంయుగ్మంతో (అదే పరిమాణం, వ్యతిరేక కోణం గల సంఖ్యతో) గుణించి, అలాంటి లబ్ధాలను కొన్నింటిని కూడితే వచ్చే కోణమే మిల్లీసెకనుకు తిరుగుడు. పైలట్లన్నింటినీ ఆ మేరకు వెనక్కి తిప్పి, పూరించి, మళ్లీ ముందుకు తిప్పాలి. కోణం 180 డిగ్రీలు దాటితే ఎటు తిరిగిందో తెలియదు కనుక, మిల్లీసెకను ఎడంతో ఈ ఉపాయం 500 హెర్ట్జ్ లోపలే పనిచేస్తుంది.

ఎన్ని లబ్ధాలను కూడాలి? రోడ్డుకు 50 మీటర్ల పక్కన టవర్ ఉందనుకోండి. దాన్ని చేరడానికి 100 మీటర్ల ముందు డాప్లర్ +134 హెర్ట్జ్. ఎనిమిది సెకన్ల తరువాత, 100 మీటర్లు దాటాక, −134. సరిగ్గా పక్కకు వచ్చినప్పుడు అది సెకనుకు 75 హెర్ట్జ్ చొప్పున మారుతుంది. పదో వంతు సెకను పైలట్లను కూడితే మార్పు 7.5 హెర్ట్జ్, పరవాలేదు. రెండు సెకన్లు కూడితే టవర్ దాటేచోట సగటుకు అర్థమే ఉండదు. ఇంకొక మాట: ఫోను తన డోలకాన్ని మారిన పౌనఃపున్యానికి సరిచేసుకుని తిరిగి పంపుతుంది కాబట్టి, టవర్ వైపు కనిపించే మార్పు సుమారు రెట్టింపు.

అభ్యాసం

మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వైపు వెళ్లే రైలు గంటకు 108 కి.మీ. వేగంతో ఉందని, ఫోను 2300 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తోందని అనుకుని, మిల్లీసెకను ఎడంతో, 0.1 నాయిస్‌తో పై లెక్కనంతా మళ్లీ చేయండి. డాప్లర్ 230 హెర్ట్జ్, గుణకం 0.532, దోషం 0.070 రావాలి. ఆ తరువాత, రైలు వేగం మనకు తెలియక బస్సు కోసం కట్టిన 0.50 గుణకాన్నే వాడితే దోషం ఎంతవుతుందో చూడండి. 0.074 వస్తుంది. నష్టం ఇంత స్వల్పమని చూశాక, డాప్లర్‌ను ఎంత ఖచ్చితంగా తెలుసుకోవాలన్న ప్రశ్న వేసుకోండి. పదేసి పైలట్లను కలిపే పెద్ద ఫిల్టర్‌కు ఈ వెసులుబాటు ఎంతవరకు మిగులుతుందో నాలుగవ పాఠంలో లెక్కిద్దాం.