డాబా మీద సోలార్: ముందు ముగ్గుపిండి పట్టుకోండి

గుంటూరు పక్కన పెదకాకాని దగ్గర పల్లె మాది. ఇంట్లో రెండు మోటారు కుట్టుమిషన్లు నడుపుతాను. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాక, ఎవరు కనపడ్డా "ఎంతయింది?" అనే అడుగుతున్నారు. అసలు అడగాల్సింది మీటరు ఎవరి పేరున ఉందని.

మాది చనిపోయిన మామయ్యగారి పేరునే ఉండేది. ఏళ్ల తరబడి బిల్లు కడుతూనే ఉన్నాం, ఎప్పుడూ అవసరం పడలేదు. డాబా సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకానికి దరఖాస్తు పెట్టబోతే బండి అక్కడే ఆగింది. మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు పట్టుకెళ్లి ముందు పేరు మార్పించుకోండి.

తర్వాత నీడ. దీన్ని కంపెనీ కుర్రాళ్లకి వదలొద్దు. మా ఇంటికొచ్చినతను మిట్టమధ్యాహ్నం పైకెక్కి "నీడే లేదు మేడమ్" అనేశాడు. ఆ వేళప్పుడు నీడలు ఎలాగూ పొట్టిగానే ఉంటాయి! నేను తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి పైకెక్కి, నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎంతవరకు వస్తున్నాయో ముగ్గుపిండితో గీతలు గీశాను. డిసెంబరులో గీస్తే మరీ మంచిది, అప్పుడు నీడలు ఉత్తరానికి బారుగా సాగుతాయి. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి. ఒకదాని మీద నీడ పడ్డా, కాడెద్దుల్లో ఒకటి మొరాయించినట్టు వరసంతా మందగిస్తుంది.

3 కిలోవాట్లకి దాదాపు 300 చదరపు అడుగులు కావాలి. మరి మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టాలని అత్తయ్య గొడవ. ఉత్తరం సగం ప్యానెళ్లకి, దక్షిణం సగం ఆవిడకి ఇచ్చాం. మిరప దుమ్ము మాత్రం తప్పదు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, అద్దం కాలకముందే, తడిగుడ్డతో తుడుస్తాను.

సబ్సిడీ 1 కిలోవాటుకి 30 వేలు, 2కి 60 వేలు, 3కి 78 వేలు. అంతకు మించి పెట్టినా 78 వేలే. ముందు మనం కట్టాలి, మనం వాడిన కరెంటునీ, లైనుకి పంపిన కరెంటునీ లెక్కగట్టే నెట్ మీటరు బిగించి తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. ఒకాయన చవక ప్యానెళ్లు ఇస్తానన్నాడు. ప్యానెళ్లూ, వాటిలో కరెంటు పుట్టించే సెల్సూ మన దేశంలో తయారైనవి కాకపోతే సబ్సిడీ రాదన్న మాట మాత్రం మింగేశాడు.

రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి. కానీ బ్యాటరీ లేకపోతే, ఊళ్లో కరెంటు పోయినప్పుడు మన సోలారూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు కొట్టకుండా, ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరే ఆపేస్తుంది. అది తెలియక, ఎండ మండిపోతుంటే మిషన్ ఆగిందేమిటని టెన్షన్‌పడి కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. పెళ్లి జాకెట్లు చేతిలో ఉన్నాయి మరి. ఇప్పుడు మిషన్ల వరకు వేరే చిన్న బ్యాటరీ పెట్టుకున్నాను.